చీకటికి అలవాటుపడే కణం

చూపు చరిత్ర: 8వ భాగం

మనిషి రెటీనాలో దాదాపు 12 కోట్ల దండకణాలు ఉంటాయి. రంగులు చూపించే శంకుకణాలు 60 లక్షల దాకా ఉంటాయి. పట్టపగలు చూపు భారమంతా ఆ 60 లక్షల మీదే పడుతుంది. దండకణాలు అప్పుడు ఉన్నా లేనట్టే. పొద్దు వాలాక వాటి వంతు వస్తుంది. మునిమాపు మసకలో, వెన్నెల్లో, చివరికి చుక్కల వెలుతురులో కూడా మనిషి దారి పోల్చుకోగలుగుతున్నాడంటే అది దండకణాల చలవే. వెలుతురు పెరిగితే తన సున్నితత్వాన్ని తగ్గించుకోవడం, వెలుతురు తగ్గితే పెంచుకోవడం ఈ కణానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ సర్దుబాటు ఎలా జరుగుతుందో తేల్చడానికి యూరప్, అమెరికా ప్రయోగశాలలకు నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది. అదే కాలంలో ఆ సర్దుబాటు చెడిన పిల్లలూ తల్లులూ తెలుగునేల మీద రేచీకటితో తడుముకుంటూ బతికారు. ఈ రెండు చరిత్రలూ ఒకే పదార్థం దగ్గర కలుస్తాయి.

ముందు కంటి ముందున్న సమస్య ఎంత పెద్దదో చూడాలి. మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ బందరు రోడ్డు మీద పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. పున్నమి వెన్నెల పావు లక్స్ దరిదాపుల్లో ఉంటుంది. చంద్రుడు లేని రాత్రి చుక్కలిచ్చే వెలుతురు లక్స్‌లో వెయ్యోవంతు. ఎండకూ చుక్కల వెలుతురుకూ మధ్య తేడా 10 కోట్ల రెట్లు. కంటిపాప ఈ తేడాను సర్దుతుందని చాలామంది అనుకుంటారు. ఎండలో 2 మిల్లీమీటర్లకు ముడుచుకున్న కంటిపాప చీకట్లో మహా అయితే 8 మిల్లీమీటర్లకు విచ్చుకుంటుంది. అంటే లోపలికి వచ్చే వెలుతురు 16 రెట్లు పెరుగుతుంది, అంతే. మిగిలిన పనంతా రెటీనాదే.

కృష్ణకు దక్షిణ ఒడ్డున ఉన్న ఉండవల్లి గుహలకు వేసవి మధ్యాహ్నం వెళ్లినవారికి ఈ పని జరుగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. మెట్లెక్కి మూడో అంతస్తులో అడుగుపెట్టగానే లోపలంతా నల్లగా ఉంటుంది. కొన్ని క్షణాలకు స్తంభాలు తెలుస్తాయి. మరికాసేపటికి లోపలి గదిలో శయనించిన అనంతపద్మనాభస్వామి ఆకారం పొడవునా తేలుతుంది. ఆ తర్వాత పడగలు, చుట్టూ ఉన్న చిన్న విగ్రహాలు విడివిడిగా కనిపిస్తాయి. గుహలో వెలుతురు మొదటినుంచీ అంతే ఉంది. మారింది కన్ను. అయితే ఈ తొలి నిమిషాల కోలుకోవడంలో పెద్ద వాటా శంకుకణాలది. పగటిపూట గుహలోకి వచ్చే వెలుతురు వాటికి చాలుతుంది కూడా. దండకణాల అసలు సత్తా చూడాలంటే అమావాస్య రాత్రి డెల్టా శివారు భూముల్లో మడవ కట్టడానికి వెళ్లే రైతు వెంట వెళ్లాలి. కాలువ చివరి ఊళ్లలో వంతు నీళ్లు ఏ అర్ధరాత్రో వస్తాయి. ఇంట్లో దీపం వెలుగులోంచి బయటికి వచ్చిన మనిషికి మొదట గట్టు కనిపించదు. పది నిమిషాలకు గట్టు తెలుస్తుంది. అరగంట గడిస్తే బోదెలో నీటి మెరుపు, గట్టు మీది గడ్డి, అవతలి చేలో నిలబడ్డ మనిషి ఆకారం కూడా తెలుస్తాయి.

ఈ రెండంచెల కోలుకోవడాన్ని కొలతల్లో పెట్టే పని 19వ శతాబ్దంలో మొదలైంది. బ్రెస్లౌలో పనిచేసిన హెర్మన్ ఆబర్ట్ 1865లో చీకటిలో గడిపేకొద్దీ కన్ను గుర్తించగల కనిష్ఠ వెలుతురు ఎలా తగ్గుతూ పోతుందో కొలిచాడు. వెలుతురుకు కన్ను సర్దుకోవడానికి ‘అడాప్టేషన్’ అన్న మాట వాడింది ఆయనే. 1922లో కోల్‌రౌష్ గీసిన రేఖలో ఒక విరుపు స్పష్టంగా కనబడింది. చీకట్లోకి వెళ్లాక మొదటి కొన్ని నిమిషాల్లో సున్నితత్వం గబగబా పెరిగి ఒకచోట ఆగుతుంది. అది శంకుకణాల హద్దు. తర్వాత, సుమారు 7 నుంచి 10 నిమిషాల దగ్గర, రేఖ మళ్లీ దిగడం మొదలుపెట్టి 30, 40 నిమిషాల దాకా దిగుతూనే ఉంటుంది. ఆ రెండో దిగుడు దండకణాలది. అది పూర్తయ్యేసరికి కన్ను తళతళలాడే వెలుతురు చూసి వచ్చినప్పటికంటే లక్ష రెట్లకు మించి సున్నితంగా తయారవుతుంది.

పగటి చూపు, రాత్రి చూపు వేరువేరు అన్న అనుమానం అంతకుముందే ఉంది. 1825లో బొహీమియా శాస్త్రవేత్త పుర్కిన్యే తెల్లవారుజామున పూలను గమనించాడు. పగలు అన్నిటికంటే ప్రకాశంగా ఉండే ఎర్రపూలు మసకలో నల్లగా ఉన్నాయి. నీలిరంగు పూలు తేలికగా కనిపించాయి. నందిగామ, తిరువూరు వైపు మిరప కల్లాలకు సాయంత్రం వేళ వెళ్తే ఇదే తమాషా చూడవచ్చు. పొద్దు ఉండగా నిప్పుల్లా ఎగసిపడిన ఎరుపు పొద్దు వాలేకొద్దీ నల్లబడుతుంది, కాయల మధ్య పడివున్న పచ్చి తొడిమలు వాటికంటే తేటగా కనిపిస్తాయి. దండకణాలు 500 నానోమీటర్ల దగ్గరి నీలిపచ్చ కాంతిని బాగా పట్టుకుంటాయి, ఎరుపును దాదాపు పట్టించుకోవు. ఆ వేళకు చూపు శంకుకణాల నుంచి దండకణాల చేతికి మారుతున్నదన్నమాట.

ఈ మార్పుకు కారణం చెప్పినవాడు జర్మనీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త మాక్స్ షుల్ట్జ్. రాత్రిపూట తిరిగే జంతువుల రెటీనాల్లో దండాలు నిండుగా ఉండటం, పగటి పక్షుల్లో శంకువులు ఎక్కువగా ఉండటం గమనించి, మసక చూపు దండాలది, రంగుల చూపు శంకువులది అని 1866లో తేల్చాడు. పదేళ్లకు, 1876లో, రోమ్‌లో పనిచేస్తున్న ఫ్రాంజ్ బోల్ కప్ప కంటిని చీకట్లో విప్పి రెటీనాను వెలుతురులోకి తెచ్చాడు. మొదట ఎర్రగా ఉన్న పొర చూస్తూ ఉండగానే పాలిపోయి పసుపుగా, తర్వాత తెల్లగా అయింది. బతికున్న కప్పను మళ్లీ చీకట్లో ఉంచితే రెటీనాకు రంగు తిరిగి వచ్చింది. బోల్ క్షయతో 30 ఏళ్లకే చనిపోయాడు. హైడెల్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ క్యూనే ఆ పని అందుకుని, పిత్త లవణాలతో ఆ రంగు పదార్థాన్ని కణాల నుంచి వేరుచేశాడు. దానినే ఇప్పుడు రొడాప్సిన్ అంటున్నారు. క్యూనే మరొక సంగతి కూడా కనిపెట్టాడు. పాలిపోయిన రెటీనాకు రంగు తిరిగి రావాలంటే అది వెనకనున్న నల్లటి వర్ణక పొరను ఆనుకుని ఉండాలి. విడదీస్తే రాదు. దీని విలువ పూర్తిగా తెలియడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఇక తెలుగునేల వైపు రావాలి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చూపు తప్పే జబ్బును సుశ్రుతుడు ఎరుగును. ఉత్తరతంత్రంలో దానికి మేక కాలేయాన్ని పిప్పళ్లతో కలిపి చెప్పాడు. ప్రాచీన ఈజిప్టు, గ్రీకు వైద్యులు కూడా కాలేయమే పెట్టారు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు, గుణం మాత్రం తెలుసు. 1913లో అమెరికాలో విటమిన్ ఏ బయటపడింది. 1925లో కోపెన్‌హాగెన్‌లో ఫ్రిడెరీసియా, హోల్మ్ విటమిన్ ఏ లేని తిండి పెట్టిన ఎలుకల కళ్లలో రొడాప్సిన్ తిరిగి తయారవడం మందగించిందని చూపించారు. 1933లో జార్జ్ వాల్డ్ అనే యువకుడు బెర్లిన్‌లో ఆటో వార్‌బర్గ్ ప్రయోగశాలలో ఉండగా రెటీనాలోనే విటమిన్ ఏ ఉందని కనుక్కున్నాడు. తర్వాత హార్వర్డ్‌లో ఆయన, రూత్ హబ్బర్డ్, ఇతర సహచరులు మిగతా కథ విప్పారు. ఆప్సిన్ అనే ప్రొటీన్ ఒడిలో విటమిన్ ఏ నుంచి వచ్చిన రెటినాల్ అనే చిన్న అణువు వంగి కూర్చుని ఉంటుంది. కాంతి తగిలితే అది నిటారుగా సాగి, చివరికి ప్రొటీన్ నుంచి విడిపోతుంది. వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ రోజుల్లో కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. ఈ ప్రాంతపు కంటి జబ్బులకు పెద్ద దిక్కు మద్రాసులో 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి. విటమిన్ ఏ లోపం ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోతుంది. కెరటోమలేసియా అనే ఈ స్థితిలో పిల్లలు శాశ్వతంగా గుడ్డివాళ్లవుతారు. దక్షిణ భారతంలో దాని తీవ్రతను ఆ ఆసుపత్రి సూపరింటెండెంట్ ఆర్.ఇ. రైట్ వైద్య పత్రికల్లో నమోదు చేశాడు. 1937లో ఆయన, కూనూరు పోషకాహార పరిశోధనశాల అధిపతి డబ్ల్యు.ఆర్. ఐక్రాయిడ్ కలిసి ఎర్ర పామాయిల్‌తో ఈ జబ్బుకు చికిత్స చేయడంపై వ్యాసం ప్రచురించారు. ఆ నూనె ఎరుపంతా కెరోటిన్. శరీరం దానిని విటమిన్ ఏగా మార్చుకుంటుంది. ఇప్పుడు దేశంలో ఆయిల్‌పామ్ ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే, దాని జాతీయ పరిశోధన సంస్థ ఉన్నది ఏలూరు పక్కన పెదవేగిలో. మార్కెట్లోకి వచ్చే రిఫైన్డ్ నూనెలో ఆ ఎరుపు మిగలదు. శుద్ధి చేసేటప్పుడే కెరోటిన్ పోతుంది. రైట్, ఐక్రాయిడ్ దేనితో పిల్లల కళ్లు నిలబెట్టజూశారో దానిని తీసేసి నూనె అమ్ముకోవడం బాధ కలిగించే విషయం.

డెల్టా అన్నపూర్ణే. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు, పశ్చిమ డెల్టాలు వరికి పుట్టిళ్లయ్యాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ ఆ వ్యవసాయాన్ని ఇంకా గట్టి చేసింది. బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తెలుగిళ్లలో ఇష్టమైన సన్నబియ్యం. అయితే తెల్లటి బియ్యంలో కెరోటిన్ ఉండదు. గాదె నిండా ధాన్యం ఉన్న ఊళ్లో కూడా, కంచంలో ఆకుకూర, పాలు, గుడ్డు, చేప లేని పసివాడికి రేచీకటి రావచ్చు. కరువుకూ రేచీకటికీ ముడిపెట్టి చూడటం అలవాటైనవారికి ఇది వింతగా తోస్తుంది.

కూనూరులో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి విచారణ కోసం మొదలుపెట్టిన పరిశోధనశాల 1958లో హైదరాబాద్ తార్నాకకు వచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మారింది. సి. గోపాలన్ నాయకత్వంలో ఆ సంస్థ పసిపిల్లలకు పెద్ద మోతాదులో విటమిన్ ఏ ఇచ్చి చూసింది. కాలేయం దానిని నిలవ ఉంచుకుని నెలల తరబడి వాడుకుంటుంది కాబట్టి రోజూ ఇవ్వనక్కర్లేదన్నది ఆలోచన. దాని ఆధారంగా 1970లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు, అంటే 2 మిల్లీలీటర్ల ద్రావణం. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్లు ఇచ్చే పద్ధతి తర్వాత వచ్చింది. అంగన్‌వాడీల్లో గీతలున్న చిన్న చెంచాతో పోసే ఆ నారింజ వాసన మందు ఇదే.

ఆ మందు అవసరమో కాదో తెలుసుకోవడానికి ఆరోగ్య కార్యకర్తలు తల్లిని అడిగే ప్రశ్నలు చాలా మామూలువి. చీకటి పడే వేళకు పిల్లాడు ఆట మానేసి ఒకచోటే కూర్చుంటున్నాడా? ముందున్న కంచం తడుముకుంటున్నాడా? పగలు పరుగెత్తిన వాకిట్లోనే గడప తగిలి పడుతున్నాడా? చంటిపిల్లల విషయంలో యంత్రాలతో చేసే పరీక్షకంటే తల్లి చెప్పే ఈ జవాబులే నమ్మదగినవి. విటమిన్ ఏ అందిస్తే రేచీకటి ఒకటి రెండు రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. మొదట చెడేది, మొదట బాగుపడేది దండకణమే. 1958లో డౌలింగ్, వాల్డ్ ఎలుకల మీద ఈ క్రమాన్ని వారం వారం కొలిచి చూపించారు. కాలేయంలో నిలవ అయిపోతుంది, రక్తంలో విటమిన్ ఏ పడిపోతుంది, తర్వాత రొడాప్సిన్ తగ్గుతుంది, దాంతో పాటే చూపుకు కావలసిన కనీస వెలుతురు పెరుగుతుంది.

గోపాలన్ తర్వాతి కాలంలో ఈ పెద్ద మోతాదుల మీదే ఆధారపడటాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అది ఆపద్ధర్మంగా మొదలుపెట్టిందనీ, శాశ్వత మార్గం తిండిలోనే ఉందనీ ఆయన వాదన. ఆయన మాటే సబబు. తోటకూర, మునగాకు, పొన్నగంటి కూర డెల్టా గట్ల మీద, పెరళ్లలో తేలిగ్గా దొరికేవే. నూజివీడు మామిడి పండు గుజ్జులో ఉన్న పసుపు కూడా కెరోటినే. ఆకుకూరలను కాస్త నూనెతో వండుకుంటే వాటిలోని కెరోటిన్ ఒంటికి పడుతుంది.

రొడాప్సిన్ ఉంటే చాలదు, దండకణం దానితో ఏంచేస్తుందో తెలియాలి. 1942లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో హెక్ట్, ష్లేర్, పిరెన్ ఒక చక్కటి ప్రయోగం చేశారు. మనిషిని అరగంటకు పైగా చీకట్లో కూర్చోబెట్టి, రెటీనాలో దండకణాలు దట్టంగా ఉన్నచోట 500 కణాల మీద పడేలా సెకనులో వెయ్యోవంతు సేపు నీలిపచ్చ మెరుపు వేశారు. కంటి ముందుపొరకు 54 నుంచి 148 ఫోటాన్లు చేరితే మనిషి ‘కనిపించింది’ అన్నాడు. దారిలో పోయేవి పోగా దండకణాలు పట్టుకున్నవి 5 నుంచి 14. ఐదొందల కణాల మధ్య పది ఫోటాన్లు పడితే ఒకే కణం మీద రెండు పడే అవకాశం తక్కువ. అంటే దండకణం ఒక్క ఫోటాన్‌కే స్పందిస్తున్నది! కాంతిలో అంతకంటే చిన్న మోతాదు లేదు. 1979లో బేలర్, లాంబ్, యావ్ గోదురుకప్ప దండకణాన్ని సన్నటి గాజుగొట్టంలోకి పీల్చి, ఒక్కో ఫోటాన్‌కు అది ఇచ్చే విద్యుత్ స్పందనను విడివిడిగా నమోదు చేశారు.

ఇంత సున్నితమైన కణం వెన్నెల్లోనే కళ్లు మూసుకోవాలి. అలా జరగకపోవడానికి కారణం దాని లోపల నడిచే కాల్షియం లెక్క.

చీకట్లో దండకణం ఖాళీగా ఉండదు. దాని పైపొరలో సన్నటి ద్వారాలు తెరిచి ఉంటాయి. వాటిగుండా సోడియం, కాల్షియం లోపలికి వస్తూనే ఉంటాయి. చీకట్లో నడిచే ఈ కరెంటును 1970లో హేగిన్స్ బృందం కొలిచింది. ద్వారాలను తెరిచి ఉంచేది సైక్లిక్ జీఎంపీ అనే చిన్న పదార్థమని 1985లో సోవియట్ శాస్త్రవేత్త ఫెసెంకో బృందం చూపింది. ఫోటాన్ తగిలి రొడాప్సిన్ మేల్కొంటే అది ట్రాన్స్‌డ్యూసిన్ అనే ప్రొటీన్లను వరుసగా లేపుతుంది, అవి ఒక ఎంజైమ్‌ను లేపుతాయి, ఆ ఎంజైమ్ సైక్లిక్ జీఎంపీని కోసేస్తుంది, ద్వారాలు మూసుకుంటాయి. ఒక్క అణువు మేల్కొంటే వందల ద్వారాలు మూతపడతాయి. మూతపడటమే మెదడుకు వెళ్లే సమాచారం.

ఇక్కడ డెల్టా కాలువను తలుచుకుంటే సంగతి సులువుగా అర్థమవుతుంది. తూము తలుపులు దించేస్తే కాలువలోకి నీళ్లు రావు, కానీ కింద మురుగు కాలువ లాగుతూనే ఉంటుంది కాబట్టి కాలువలో మట్టం పడిపోతుంది. దండకణంలోనూ అంతే. వెలుతురుకు ద్వారాలు మూసుకుంటే కాల్షియం రాక ఆగుతుంది; దానిని బయటికి తోడేసే ప్రొటీన్ మాత్రం పని ఆపదు. లోపల కాల్షియం చీకట్లో ఉన్నదానిలో పదోవంతుకు పడిపోతుంది. ఆ పడిపోవడమే తలుపులు మళ్లీ ఎత్తమన్న ఆజ్ఞ. కాల్షియం తగ్గగానే గువానైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్ వేగం పుంజుకుని సైక్లిక్ జీఎంపీని ఎక్కువగా తయారుచేస్తుంది. కొన్ని ద్వారాలు తెరుచుకుంటాయి. కణం మళ్లీ స్పందించే స్థితికి వస్తుంది; అయితే ఈసారి అంతే స్పందన రావాలంటే ఇంకా ఎక్కువ కాంతి కావాలి. కాల్షియం తగ్గడం వల్ల ఇంకో పని కూడా జరుగుతుంది. రికవరిన్ అనే ప్రొటీన్ పట్టు వదలడంతో మరో ఎంజైమ్ మేల్కొన్న రొడాప్సిన్‌కు ఫాస్ఫేట్ ముద్రలు వేస్తుంది, అరెస్టిన్ వచ్చి దాని నోరు మూస్తుంది. ఒక్కో ఫోటాన్ ప్రభావం త్వరగా ముగుస్తుంది.

1988లో ఈ కథ రుజువైంది. ఇంగ్లండ్‌లో మాథ్యూస్, మర్ఫీ, ఫేన్, లాంబ్, అమెరికాలో నకటాని, యావ్ కణంలో కాల్షియం మారకుండా కట్టడి చేసి చూశారు. వెలుతురుకు సర్దుకునే గుణం కణానికి దాదాపు పోయింది. అదే ఏడాది కోచ్, స్ట్రైయర్ కాల్షియానికీ సైక్లేజ్ ఎంజైమ్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. ఈ సర్దుబాటుకు సెకన్లు చాలు. అయితే దీనికీ హద్దుంది. పగటి వెలుతురుకు వచ్చేసరికి దండకణం ద్వారాలన్నీ మూసుకుని ఊరుకుంటుంది. వెలుతురు కొనసాగితే ట్రాన్స్‌డ్యూసిన్ కణం లోపలి భాగానికి తరలిపోతుంది, అరెస్టిన్ ఎదురుగా వచ్చి రొడాప్సిన్ ఉన్న భాగానికి చేరుతుంది. ఇంకో చివర, చుక్కల వెలుతురులో, ఒక్కో దండకణానికి నిమిషాల తరబడి ఒక్క ఫోటాన్ కూడా అందకపోవచ్చు. ఆ స్థాయిలో సర్దుబాటు చేసేది కణం వెనక ఉన్న నాడీ వల. వందల కణాల స్పందనలను కలిపి తూచే పని దానిది.

సెకన్ల సర్దుబాటు ఇంత చక్కగా ఉంటే చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి అరగంట ఎందుకు? జవాబు క్యూనే చూసిన నల్లటి పొరలో ఉంది. తీవ్రమైన వెలుతురులో రొడాప్సిన్ అణువులు పెద్ద ఎత్తున పాలిపోతాయి. ఒక్కో దండకణంలో అవి కోటాను కోట్లు. సాగిపోయిన రెటినాల్ విటమిన్ ఏగా మారి వెనక పొరకు ప్రయాణం కట్టాలి. అక్కడ ఆర్‌పీఈ65 అనే ఎంజైమ్ దానిని తిరిగి వంచాలి. వంగిన అణువు మళ్లీ దండకణానికి వచ్చి ఆప్సిన్‌లో కూర్చోవాలి. 1960లలో ఇంగ్లండ్‌లో రష్టన్ బతికున్న మనిషి కంటిలోకి కాంతి పంపి, వెనక్కి వచ్చినదానిని కొలిచి రొడాప్సిన్ తిరిగి తయారయ్యే వేగాన్ని లెక్కగట్టాడు. సగం పాలిపోయిన కంటికి సగం సున్నితత్వమే పోవాలి కదా, వేల రెట్లు పోతున్నదేమిటన్న చిక్కు అప్పుడు మొదలైంది. రెటినాల్ లేని ఒట్టి ఆప్సిన్ కూడా లోలోపల ట్రాన్స్‌డ్యూసిన్‌ను కొద్దికొద్దిగా కదిలిస్తూనే ఉంటుందని 1990లలో కార్న్‌వాల్, ఫేన్ చూపడంతో ఆ చిక్కు వీడింది. బయట చీకటైనా కణం లోపల వెలుతురున్నట్టే ఉంటుంది. చివరి ఆప్సిన్‌లు కూడా నిండేదాకా ఆ భ్రమ పోదు. విటమిన్ ఏ చాలని పిల్లవాడి దండకణాల్లో ఆ ఖాళీలు రాత్రంతా నిండవు.

ఈ పని గొలుసులో ప్రతి కొక్కెమూ ఒక జన్యువు పని. ఎక్కడ తెగినా రేచీకటే. ఫ్రాన్స్‌లో 1637లో పుట్టిన జాన్ నుగారే వంశంలో తరతరాలుగా వచ్చిన పుట్టు రేచీకటిని 1838లో క్యునియే అనే వైద్యుడు నమోదు చేశాడు. 1996లో దానికి ట్రాన్స్‌డ్యూసిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారడమే కారణమని తేలింది. జపాన్‌లో 1907లో ఒగుచి వర్ణించిన రేచీకటి అరెస్టిన్ లోపం వల్ల వస్తుంది. రొడాప్సిన్ నోరు మూసేవాడు లేకపోవడంతో ఆ కళ్లు చీకటికి అలవాటుపడటానికి గంటలు పడుతుంది. అరెస్టిన్ పూర్తి నిడివిలో తయారుకాని ఇద్దరు భారతీయ తోబుట్టువుల వివరాలు 1998లో ప్రచురితమయ్యాయి. ఇలాంటి జన్యు పరిశోధనకు దారి వేసినవారిలో పంజాబ్‌లో పుట్టిన హరగోబింద్ ఖొరానా ఒకరు. ఎంఐటీలో ఆయన బృందం 1986లో ఎద్దు రొడాప్సిన్ జన్యువును మొత్తంగా రసాయనికంగా నిర్మించింది. ఆ తర్వాత ఏ అమైనో ఆమ్లాన్ని మారిస్తే ఏం జరుగుతుందో ఒక్కొక్కటిగా పరీక్షించడం వీలైంది.

తెలుగు కుటుంబాల్లో మేనరికాలు ఎక్కువ. తల్లివైపు, తండ్రివైపు ఒకే లోపం దాగి ఉంటే బిడ్డలో బయటపడే రెటీనా జబ్బులకు అది అవకాశం పెంచుతుంది. వాటిలో ముఖ్యమైనది రెటినైటిస్ పిగ్మెంటోసా. మొదట రేచీకటి, తర్వాత పక్కచూపు కుంచించుకుపోవడం, చివరికి ఎదుటి చూపు కూడా తగ్గడం దాని వరస. కృష్ణా జిల్లాలో పుట్టిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చిత్రా కన్నబిరాన్ వంటివారు భారతీయ కుటుంబాల్లో ఈ జన్యు లోపాలను ఏళ్లుగా వెతుకుతున్నారు. ఆ సంస్థకు 2011 నుంచి విజయవాడ శివారు తాడిగడపలోనూ ప్రాంగణం ఉంది. ఆర్‌పీఈ65 జన్యువు చెడినవారికి రెటీనా కిందికి మంచి జన్యువును ఎక్కించే చికిత్సకు 2017లో అమెరికా అనుమతి ఇచ్చింది. వెనక పొరలో ఆగిన పనిని తిరిగి నడిపించడమే దాని లక్ష్యం. చాలా ఖరీదైన వైద్యం. ఆ ఒక్క జన్యువు లోపానికే పనికొస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న కంటికి కూడా దండకణాల తీరు తెలిస్తే మేలు. రాత్రి పొలం గట్టు మీద అరగంటలో సంపాదించుకున్న చూపును ఫోన్ టార్చి ఒక్కసారి కళ్లలో పడి పోగొడుతుంది. తిరిగి రావడానికి మళ్లీ నిమిషాలు పట్టాలి. టార్చి వెలుగు నేలవైపు, అడుగుల ముందు పడేలా పట్టుకోవడం మంచిది. పాములు తిరిగే గట్ల మీద దీపం లేకుండా నడవమని మాత్రం కాదు. ఎర్రటి దీపానికి దండకణాలు పెద్దగా స్పందించవు కాబట్టి నక్షత్రాలు చూసేవారు దానిని వాడతారు. మసక చుక్కను నేరుగా కాకుండా కాస్త పక్కకు చూస్తే బాగా కనిపిస్తుంది. చూపు కేంద్రంలో దండకణాలు లేవు. 20 డిగ్రీల దూరంలో అవి దట్టంగా ఉంటాయి.

అరవై దాటాక దండకణాలు చీకటికి కోలుకునే వేగం తగ్గుతుంది. విటమిన్ ఏ వెనక పొర దాటి రావడం ఆలస్యమవడం దీనికి ఒక కారణంగా చెబుతారు. వయసుతో వచ్చే మాక్యులా క్షీణతలో ఈ ఆలస్యం మామూలు చూపు తగ్గకముందే కనిపిస్తుంది. అందుకే పరిశోధనశాలల్లో కంటిని ఒక మెరుపుతో పాలిపోయేలా చేసి, అది తిరిగి మసక చుక్కను పట్టుకోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలుస్తున్నారు. పెద్దవారిలో కొత్తగా రాత్రి చూపు తగ్గితే శుక్లాలు, గ్లాకోమా, మధుమేహం వల్ల రెటీనాకు జరిగిన హాని కూడా చూడాలి. పిల్లల్లో అయితే మొదట అడగవలసింది తిండి గురించి, తర్వాత కుటుంబంలో ఇంకెవరికైనా రేచీకటి ఉందా అని.